కారు తలుపులో నారుమడి

ఇంకా తేరుకోలేదు. నెల రోజులుగా నా పాత కారులో వెనక పవర్ విండో మూలుగుతూ సగం దాకా లేచి ఆగిపోయేది. మోటారు పోయిన కారు అంటగట్టావని, దాన్ని నాకు అమ్మిన మా బావని ఫోన్లో నానా మాటలూ అన్నాను. ఆయన నాతో మాట్లాడటమే మానేశాడు.

ఈ రోజు అవనిగడ్డలో మెకానిక్ తలుపు లోపలి అట్ట ఊడదీసి, నన్ను పిలిచాడు.

"మోటారు శుభ్రంగా ఉందండీ. ఇదేంటండీ, లోపల నారు పోశారు?"

వంగి చూసి నోరు తెరిచాను. తలుపు అడుగున నిలిచిన వాన నీళ్ళు, ఆ నీళ్ళలో జానెడు పొడవున పాలిపోయిన వరి మొలకలు! అద్దం జారే గాడి నిండా వడ్లు. కిందటి నెల మా మావయ్య, అంటే ఆ బావ వాళ్ళ నాన్నే, నానబెట్టి, మొలకెత్తడానికి మండె కట్టిన విత్తనాల గోనెసంచిని ఇదే కారులో, ఆ కిటికీకి ఆనించి పొలానికి తీసుకెళ్ళాడు. సంచికి చిరుగు ఉందని ఎవరం చూడలేదు.

నాతో వచ్చి పక్కనే ఉన్న మావయ్య ఒక మొలక పీకి, వేళ్ళు పరీక్షగా చూశాడు.

"చూశావా అల్లుడూ, ఒక్క గింజ పొల్లు పోలేదు!"

ఇప్పుడు బావకి ఫోన్ చేయాలి. వాళ్ళ నాన్న విత్తనం బాగా మొలిచిందని మొదలుపెట్టనా? మీరే చెప్పండి.