మా ఇంట్లో ఇద్దరు బాలింతలు

మొన్న మా మనవరాలికి అపెండిక్స్ ఆపరేషన్ చేశారు. పొట్ట మీద మూడు చిన్న చిల్లులు పెట్టి, లోపలి పని ముగించి, మూడో రోజుకల్లా ఇంటికి పంపించేశారు. పది రోజుల దాకా స్కూటీ ఎక్కవద్దని డాక్టరు చెప్పాడట. "పది రోజులా!" అని ఆ పిల్ల ముఖం ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకుంది. కర్నూల్లో వాళ్ల ఇంటి కిటికీలోంచి చూస్తే కింద వరుసగా నిలబెట్టిన బళ్లు కనిపిస్తాయి. గంటకోసారి లేచి తన ఎర్ర బండిని చూసుకుని, పెద్ద నిట్టూర్పు విడిచి మళ్లీ పడుకునేది. మొదట నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే మా అన్న గుర్తుకొచ్చి నవ్వు ఆగిపోయింది.

మా అన్న పశువుల డాక్టరు. కర్నూలు రాజధానిగా ఉండి, ఆఫీసులు గుడారాల్లో నడిచిన రోజుల సంగతి ఇది. మా ఊరు నందికొట్కూరుకు నాలుగు మైళ్లు. చుట్టూ నల్లరేగడి చేలు, వాన పడితే మోకాలి దాకా దిగబడే దారులు. ఆ దారుల మీద మా అన్న, యుద్ధంలో మిలిటరీవాళ్లు వాడి వదిలేసిన ఒక పాత మోటారు సైకిలు నడిపేవాడు. దాన్ని మోటారు సైకిలని అనేవాళ్లు మా ఊళ్లో ఎవరూ లేరు, అందరికీ అది ఫట్‌ఫటి. స్టార్టు చేయాలంటే మనిషి తన బరువంతా ఒంటికాలి మీద వేసి తొక్కాలి. ఆరడుగుల మా అన్నకు అది ఒక్క తొక్కుకే పలికేది, ఇంకెవరు తొక్కినా తిరిగి తన్నేది. ఆ చప్పుడు వినగానే పక్క ఊళ్లో రైతులు రోగం తగిలిన గొడ్లను చెట్టు కిందికి తోలుకొచ్చి నిలబెట్టేవాళ్లు. ఆయనకు నిదానమన్నది తెలియదు. అన్నం నిలబడి తినేవాడు, సగం రోజులు అదీ లేదు. ఆ ఆకళ్లన్నీ కడుపులో పుండై కూర్చున్నాయి. ఒక మధ్యాహ్నం బండి ఆపి దారి పక్కన రక్తం కక్కుకుంటే, అటు పోతున్నవాళ్లు ఎడ్లబండిలో వేసుకుని కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు.

నేనప్పుడు తొలి కాన్పుకు పుట్టింట్లో ఉన్నాను. బిడ్డ పుట్టి పన్నెండు రోజులు. మా నాన్న అంతకు ఏడేళ్ల ముందే ప్రభువు దగ్గరికి పోయాడు, ఇంట్లో ఉన్నది అమ్మ, నేను, ఇంకా పెళ్లి కాని మా అన్న. ఆసుపత్రిలో ఆయన జీర్ణాశయం సగం తీసేశారు. మూడు వారాల తర్వాత ఇంటికి పంపిస్తూ డాక్టరు ఆయనతో, అమ్మ వింటుండగానే, ఖచ్చితంగా చెప్పాడట: "పైన తోలు మానిందని మోసపోవద్దు. లోపల గట్టిపడడానికి ఆరు నెలలు పడుతుంది. ఈలోగా ఆ బండిని తొక్కావంటే లోపల తెగుతుంది. రెండోసారి కోయడానికి నేనుంటాను గానీ నువ్వుండవు."

మా అమ్మకు తెలిసిన వైద్యం లోకంలో ఒక్కటే, పురుడు. మా పేటలో ఎవరికి నొప్పులొచ్చినా ముందు ఆమెనే పిలిచేవాళ్లు. కొడుకు కడుపు మీద జానెడు కోతను చూసి ఆమె తన పద్ధతిలో తాను ఒక నిర్ణయానికి వచ్చింది. "కడుపు తెరుచుకున్నాక ఆడదైతే ఏమి, మగోడైతే ఏమి? పచ్చి ఒళ్లు పచ్చి ఒళ్లే" అంది. నడిమింట్లో నా మంచానికి, మా అన్న మంచానికి మధ్య ఒక చీర అడ్డంగా కట్టింది. ఇటు నాకేమి జరిగితే అటు ఆయనకూ అదే జరిగేది. చెవుల్లో దూది, తలకు గుడ్డ, మంచం కింద నిప్పుల మీద సాంబ్రాణి, చల్లగాలి తగలకుండా కిటికీకి గోనెపట్ట. గొంగళి కప్పుకుని, తలకు మా అమ్మ పాత పైట చుట్టుకుని ఆరడుగుల పశువుల డాక్టరు మంచం మీద కూర్చుని ఉంటే, చూడవచ్చిన చుట్టాలు నవ్వాపుకోలేక బయటికి పోయి దగ్గేవాళ్లు.

ఆయన ఇంటికొచ్చిన మూడో రోజు మాత్రం నవ్వులాట కాలేదు. నాకు పెట్టే బాలింత కాయం, అదే శొంఠి, పిప్పళ్లు, మిరియాలు దంచి బెల్లంతో ఉడికించిన ముద్ద, నిమ్మకాయంత తీసి అమ్మ ఆయన నోట్లోనూ పెట్టింది. కాసేపటికి ఆయన కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోయాడు. పాలు తాపి, మజ్జిగ తాపి, ఆ మంట చల్లారేసరికి పొద్దుగుంకింది. అమ్మ కాయం జాడీ తీసుకుపోయి దిబ్బలో కుమ్మరించి వచ్చి గడప మీద కూలబడింది. "కన్నతల్లినై ఉండి నా చేత్తో నేనే ఇంత విషం పెడితినే" అని ఏడ్చింది. మా అమ్మ ఏడవడం, మా నాన్న పోయినప్పటి తర్వాత నేను చూడడం అదే. చీర అవతలి నుంచి మా అన్న సన్నటి గొంతుతో అన్నాడు: "మందు నాకొద్దులేమ్మా. తక్కిందంతా నువ్వెట్ల చెప్తే అట్ల ఇంటా. ఏడవాకు."

మాట ఇవ్వడం వేరు, ఆరు నెలలు నిలబెట్టుకోవడం వేరు. నిలబెట్టుకుంటాడని నేననుకోలేదు. రోజూ పొద్దున్నే అమ్మ పాత నేతచీర చీల్చి నాలుగు మడతలు పెట్టి, ముందు నాకు, తర్వాత ఆయనకు, నడికట్టు బిగించి కట్టేది. ఆయన చేతులెత్తి చిన్నపిల్లాడిలా గిరగిరా తిరుగుతూ చుట్టించుకునేవాడు. నెల తర్వాత చూపించుకోవడానికి పోతే డాక్టరు ఆ కట్టును ఇటూ అటూ లాగి చూసి, ఎవరు కట్టారని అడిగి, మా నర్సులు కూడా ఇంత బాగా కట్టలేరన్నాడట. ఆ మాటను మా అమ్మ తర్వాత పదేళ్లు, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకుంది.

మా చర్చికి అప్పుడే కోస్తా నుంచి కొత్త పాస్టరుగారు వచ్చారు. మా అమ్మ ఆయన దగ్గరికి పోయి, ఇంట్లో ఇద్దరు బాలింతలు ఉండారయ్యా, ప్రార్థన చేయండని అడిగిందట. ఆదివారం ఆరాధనలో ఆయన కళ్లు మూసుకుని, ఈ సహోదరి ఇంటనున్న బాలింతలిద్దరినీ లేవనెత్తుము ప్రభువా అని గట్టిగా ప్రార్థిస్తుంటే, సంఘమంతా పైటలు, తువ్వాళ్లు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మాలో బాలింత మొదటిసారి బయటికొచ్చేది చర్చికే, బిడ్డతో, కృతజ్ఞత కానుకతో. నన్ను తీసుకుపోయిన రోజే అమ్మ మా అన్ననూ నా పక్కన నిలబెట్టింది. పాస్టరుగారు మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసి, చివరికి సంగతి అర్థమై, మా అన్న తల మీద చేయి పెట్టి అందరికంటే ఎక్కువసేపు ప్రార్థించారు.

నడక అంతకు ముందే మొదలైంది. ఒక వారం గడప దాకా, ఒక వారం పెరట్లో బావి దాకా, ఆపైన చర్చి దాకా, ఆపైన కాలువ గట్టు దాకా. అమ్మ చెప్పిన చోటుకు పోయి, ఒక్క అడుగు ఎక్కువ వేయకుండా తిరిగొచ్చేవాడు. కూర్చుని, గంజి అయినా సరే నమిలినట్టు తాగేవాడు, రోజుకు ఆరుసార్లు, గిన్నెడు గిన్నెడు. పంచలో గోనెలు కప్పి ఉన్న ఫట్‌ఫటిని శనివారం శనివారం నూనెగుడ్డతో తుడిచేవాడు. తొక్కే కడ్డీని తుడిచేటప్పుడు మాత్రం కాసేపు చేయి ఆగేది. అంత వేగం ఒక మనిషి ఒంట్లోంచి ఎక్కడికి పోయిందా అని నాకు ఆశ్చర్యం. రానురాను అది ఆశ్చర్యం కూడా కాదు, చూస్తుంటే భయం లాంటి గౌరవం కలిగేది.

రెండో నెలలో కొండకింది ఊరి నుంచి ఒక ముసలి రైతు వచ్చాడు. అంతకు ముందటేడు ఆయన ఎద్దుకు పొట్ట చీరుకుపోతే మా అన్న కుట్లు వేసి, మూడు నెలలు కాడి కట్టవద్దని, కడితే మళ్లీ నీ గడప తొక్కనని బెదిరించి వచ్చాడు. పాపం ఆ రైతుకు ఆ యేడు సేద్యమే సరిగా సాగలేదు. "నా ఎద్దుకు చెప్పిన మాట నువ్వు ఇంటాండావా లేదా అని చూసేకి వచ్చినప్పా" అన్నాడు. మా అన్న తల గుడ్డ సర్దుకుని, "ఇంటాండా పెద్దాయనా, మేత కూడా మెల్లిగా మేస్తాండా" అన్నాడు.

అదే ముసలాయన అయిదో నెలలో, తొలి వానలు పడిన వారానికి, పొద్దున్నే మళ్లీ వచ్చి పంచలో నిలబడ్డాడు. ఈసారి నవ్వు లేదు. వాళ్ల ఊళ్లో గొడ్లకు గొంతువాపు పట్టింది, రాత్రికి రాత్రి నాలుగు పోయాయి. నందికొట్కూరులో అన్నకు బదులుగా ఉన్న డాక్టరు జ్వరంతో పడి ఉన్నాడు. మా అన్న సూదుల పెట్టె తెచ్చాడు. గోనెలు లాగేశాడు. బండెక్కి కడ్డీ మీద కాలు పెట్టాడు. నేను బిడ్డను చంకనేసుకుని ద్వారబంధం దగ్గర ఉన్నాను, అమ్మ చేతిలో నీళ్ల చెంబు ఉంది. ఆ ఊరికి ఆరు మైళ్లు, బండి మీదయితే ఎంతసేపని! ఒక్క తొక్కు. నాకు డాక్టరు మాట తప్ప ఇంకేమీ గుర్తు రావడం లేదు.

ముసలాయనే అన్నాడు. "వద్దప్పా. ఎద్దులు పోతే మళ్లీ పెంచుకుంటాం. దిగు."

మా అన్న నిలబడే ఉన్నాడు. ఆయన కాలి పిక్క బిగుసుకోవడం నాకు కనిపించింది. తర్వాత నెమ్మదిగా కాలు తీసి నేల మీద పెట్టాడు. "ఎడ్లబండి కుదుపు నాకు పనికిరాదు. నడుస్తా. పెట్టె నువ్వు మోయి పెద్దాయనా" అన్నాడు. అమ్మ చెంబు కింద పెట్టి, నడికట్టు విప్పి మళ్లీ బిగించి కట్టింది. ఆ బురదలో, ఫర్లాంగుకోసారి కూర్చుంటూ, ఆరు మైళ్లూ నడిచి మధ్యాహ్నం దాటాక ఆ ఊరు చేరాడట. నాలుగు రోజులు అక్కడే ఉండి ఊరి గొడ్లన్నిటికీ సూదులు వేశాడు. ఆయన చేరేలోపు ఇంకో రెండు పోయాయి, తక్కినవన్నీ బతికాయి. వేగంగా పోయి ఆయన కాపాడిన గొడ్లెన్నో ఉండవచ్చు. నాకు మాత్రం మా అన్న పెద్దవాడిగా కనిపించింది ఆ రోజు, బండి దిగినప్పుడు.

ఆరు నెలలూ నిండాక డాక్టరు పొట్ట నొక్కి చూసి, ఇక నీ ఇష్టం అన్నాడు. నేను అయిదో నెలలోనే అత్తగారింటికి పోవలసినదాన్ని, ఏవో సాకులు చెప్పి ఉండిపోయాను. మర్నాడు పొద్దున పేటంతా మా వాకిట్లోనే ఉంది. మొదటి తొక్కుకు బండి దగ్గింది, రెండోదానికి ఊరుకుంది, మూడోదానికి పలికింది. మా అన్న ఎవరివైపూ చూడకుండా, మెల్లగా, సైకిలు పోయినంత మెల్లగా, వీధి మలుపు తిరిగాడు. చప్పుడు కాలువ దాటి చేలల్లో కలిసిపోయేదాకా ఎవరూ కదలలేదు.

అందరూ వెళ్లాక అమ్మ లోపలికి పోయింది. కాసేపటికి పెరట్లోంచి ధన్ ధన్‌మని రోకటి చప్పుడు వినిపించి ఉలిక్కిపడ్డాను. ఎన్నాళ్లయింది ఆ చప్పుడు విని! పోయి చూస్తే రోట్లో ఎండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు. మిరపకారం లేనిదే రొట్టె విరవని మనిషి మా అమ్మ. మేమిద్దరం తినలేనిది తాను తినకూడదని, ఆ ఆరు నెలలూ చప్పిడి గంజే తాగిందని నాకప్పుడు తెలిసింది. జొన్నరొట్టె ముక్క ఆ కారంలో అద్దుకుని నోట్లో పెట్టుకుంది. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. "శానా మంట ఉండాది" అని నవ్వింది. అన్న ఆ ఆరు నెలలను అడుగులతో కొలుచుకున్నాడు, నేను నా బిడ్డ పళ్లతో కొలుచుకున్నాను. అవి ఎంత పొడవో నిజంగా తెలిసిన మనిషిని ఒక్కరోజైనా అడగలేదు. అడగాలని తోచేసరికి నాకే మా అమ్మ అప్పటి వయసు దాటిపోయింది.