దేవుడితో సామేలు పంచాయితీ

సామేలు దేవుణ్ణి ప్రార్థించడు, నిలదీస్తాడు. తార్నాక సందులోని ఆ చిన్న చర్చిలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. యూనివర్సిటీ హాస్టళ్లలో కరెంటు పని చేసి రిటైరైన మనిషి. పరీక్షల ముందు కరెంటు పోతే పిల్లలు తనను ఎట్లా దులిపేసేవారో, ఇప్పుడాయన పైవాణ్ణి అట్లాగే దులిపేస్తాడు.

ఆయన కళ్లు మూసుకున్నాడంటే పాస్టర్ రత్నాకర్ గుండెల్లో రాయి పడేది. రత్నాకర్ కుర్రవాడు, అన్నీ పద్ధతిగా జరగాలనుకునేవాడు. సామేలు లేచి, "ఏందయ్యా ప్రభువా, నిద్రపోతున్నవా?" అని మొదలుపెట్టేవాడు. ఎవరు ప్రార్థించినా వంత పాడటం అలవాటైన సంఘం, విన్నా వినకపోయినా "అవును ప్రభువా" అనేది. మా గోస కనబడ్తలేదా అంటే వెనక వరసలోంచి "స్తోత్రం" అని వచ్చేది. రత్నాకర్‌కు ఒళ్లు మండిపోయేది. దేవుడంటే భయం లేదా అని ఒకసారి ముఖం మీదే అడిగేశాడు. అడగనీకి నాకు ఇంకెవరున్నరు అయ్యగారూ అన్నాడు సామేలు.

ఇంతలో శివమ్మకు క్యాన్సర్ అని తేలింది. లేడీస్ హాస్టల్లో వంట చేసే మనిషి, ఆదివారం అందరికన్నా ముందొచ్చి చాపలు పరిచే మనిషి. మొదటిసారి కీమో ఎక్కించగానే జుట్టంతా రాలిపోయింది. రెండోసారి పోనంటే పోనని మంచమెక్కింది. మందు ఆపితే బతకదని డాక్టర్లు చెప్పినా గోడవైపు తిరిగి, "అంతా దేవుని చిత్తం" అనేది. ఆ మాట ఆమెకు చెప్పింది రత్నాకరే, ఓదార్పు అనుకుని.

తెల్లారితే ఆమె రెండో కీమోకు ఆస్పత్రికి పోవాలి. ఆ సాయంత్రం రత్నాకర్ క్యాంపస్ వెనక బస్తీలో ఉన్న ఆమె ఇంటికి బయల్దేరితే, పిలవకుండానే సామేలు వెంటపడ్డాడు. నోరు జారొద్దని రత్నాకర్ దారి పొడుగునా బతిమాలాడు. సామేలు సరే సరే అన్నాడు. దాన్ని నమ్మడం రత్నాకర్ బుద్ధితక్కువ.

పాస్టరు మెత్తగా ప్రార్థన ఎత్తుకున్నాడో లేదో సామేలు అందుకున్నాడు.

"గిదేనా నీ న్యాయం? గంతమంది పిల్లలకు అన్నం పెట్టిన చెయ్యి గిది. గామె నీకేం జేసిందని మంచంల పడేసినవ్? జర సిగ్గన్న ఉండొద్దా?"

"అవును ప్రభువా" అనేశాడు రత్నాకర్, అలవాటు కొద్దీ. వెంటనే నాలుక కరచుకున్నాడు.

శివమ్మ ఇటు తిరిగింది. దేవుణ్ణి అట్లా అంటే కళ్లు పోతాయని సామేలును కసిరింది. సామేలు ఆగితేనా. చివరికి ఆమే లేచి కూర్చుంది.

"నువ్వు ఊకో అన్నా. రోగం నాది. అడిగితే నేనడగాలె."

అడిగింది. పొయ్యి ముందు కాలిపోయిన ఏళ్లు, రాలిపోయిన జుట్టు, ఏ పాపం చేసిందోనని చుట్టాలు చెవులు కొరుక్కోవడం, ఒక్కటీ వదలకుండా కడిగిపారేసింది. ఆమె ముందు సామేలు తిట్లు ఏ మూలకూ చాలవు. "నాకు బతకాలని ఉన్నది, వింటున్నవా?" అని వెక్కివెక్కి ఏడ్చింది.

రత్నాకర్ కోపంగా సామేలు వైపు చూశాడు. ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు.

"కోపమంత కడుపుల పెట్టుకొని పండుకున్నది అయ్యగారూ. అననీకి భయం ఆమెకు. మొదలు ఎవరన్న అనాలె గద," అన్నాడు మెల్లగా.

తన మోకాళ్ల నొప్పి గురించి సామేలు దేవుణ్ణి ఏనాడూ పల్లెత్తు మాట అనలేదని రత్నాకర్‌కు అప్పుడు తట్టింది. ఈ బస్తీ దాకా కూడా కుంటుకుంటూనే వచ్చాడు.

శివమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, పొద్దున ఆటో తెమ్మని సామేలుకు చెప్పింది. తర్వాత పాస్టరు వైపు తిరిగింది.

"మీరు గూడ రండ్రి అయ్యగారూ. ప్రార్థన మాత్రం నేనే చేస్త."