అమలాపురం ఆటోలో నేను నడిపిన విదేశాంగ విధానం

ముందుగా క్షమాపణలు. యుద్ధాలు చేస్తున్న దేశాల అధినేతలకు, త్వరలో చేద్దామనుకుంటున్నవారికి, మన రాష్ట్రంలో అధికారంలో ఉన్నవారికి, రేపు వద్దామని చూస్తున్నవారికి, ఈ బ్లాగు చదివే నూట పన్నెండు మందికి పేరు పేరునా చేతులు జోడించి మనవి చేసుకుంటున్నాను. గత వారం రోజులుగా నా నుంచి ఏ అభిప్రాయమూ వెలువడలేదు. నా మాట కోసం ఎదురుచూస్తూ మీరంతా కీలక నిర్ణయాలు వాయిదా వేసుకుని ఉంటారు. ఆ జాప్యానికి పూర్తి బాధ్యత నాదే. ఆ వారంలో మూడు రోజులు నేను కోనసీమలో ఉన్నాను. మిగతా నాలుగు రోజులూ తేరుకుంటున్నాను.

ఈ ప్రయాణానికి కారణం మా రూమ్మేటు చైతన్య. రాజమండ్రిలో ఇద్దరం ఒకే గదిలో ఉంటూ ఒకే ఉద్యోగ పరీక్షకి తయారవుతున్నాం. అతను పుస్తకాలు చదువుతాడు, నేను ప్రపంచాన్ని చదువుతాను. ‘గ్రామీణ ప్రజల నాడి’ అని నేను రాసిన మహావ్యాసం చూసి, “నాడి అన్నావు, బానే ఉంది. ఎప్పుడైనా ఎవరి చెయ్యయినా పట్టుకుని చూశావా?” అన్నాడు. రాజనీతి శాస్త్రంలో పీజీ చేసినవాణ్ణి పట్టుకుని అడగాల్సిన మాటేనా అది? మర్నాడే బయల్దేరాను. నోటుబుక్కులో మూడు ప్రశ్నలు రాసుకున్నాను. మన రాజకీయాలు ఎలా ఉన్నాయి? గల్ఫు పక్కన జరుగుతున్న యుద్ధంలో తప్పెవరిది? మనల్ని నడిపే పెద్దల్లో మీకు నచ్చినదెవరు? సాయంత్రానికి కోనసీమ మనసు నా సంచిలో ఉండాలి.

ఉదయం ఆరింటికి రాజమండ్రిలో అమలాపురం బస్సెక్కితే రావులపాలెం మీదుగా ఏడున్నరకి కొత్తపేటలో ఉంటారు. టికెట్టు వంద లోపే. ఎడమవైపు కిటికీ పక్కన కూర్చుంటే కాలవ, దాని మీద వంగిన కొబ్బరిచెట్లు కాసేపు మీతోనే వస్తాయి. నేను టిఫినుకి కొత్తపేటలో దిగిపోయాను. సెంటర్లో ఒక పాక హోటలు ఉంది. దాని పైకప్పు పాత ఫ్లెక్సీ. అందులో ఒక నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షలు, కింద గుండ్రాల్లో ముప్ఫై మంది అభిమానుల తలకాయలు. పెసరట్టు వేస్తున్న పెద్దావిణ్ణి గంభీరంగా అడిగాను, “ప్రజా నాయకుల మీద మీ అభిప్రాయం ఏంటండి?”

ఆవిడ అట్లకాడతో పైకి చూపించింది. “ఈయనా? మంచోడేనండి. రెండు వానాకాలాలు ఆగేడు. అంతకుముందు ఆయన ఏడాదికే చిరిగిపోయేడు. అల్లం పచ్చడి వెయ్యనా?”

నోటుబుక్కులో ‘స్థిరమైన నాయకత్వం పట్ల మొగ్గు’ అని రాసుకున్నాను. పెసరట్టు మాత్రం నా విశ్లేషణకన్నా చాలా నాణ్యంగా ఉంది. నలభై రూపాయలు.

తొమ్మిదికి అమలాపురం చేరాను. అక్కణ్ణుంచి ఉప్పలగుప్తం, తర్వాత వెనక్కొచ్చి మామిడికుదురు, చివరికి రాజోలు తిప్పటానికి దావీదు గారి ఆటో పద్దెనిమిది వందలకి మాట్లాడుకున్నాను. నలభై ఏళ్ళుంటాయి, తెల్లచొక్కా, మాట మెత్తన. అమలాపురం దాటగానే నేను యుద్ధం అందుకున్నాను. ఆయనకి నా రెండో ప్రశ్న వేశాను గానీ జవాబుకి చోటివ్వలేదు. అగ్రరాజ్యం వ్యూహం ఏమిటి, సముద్రంలో ఆ ఇరుకు దారి మూసేస్తే ఏమవుతుంది, చమురు ఎంతకి పోతుంది, అన్నీ చెప్పాను. ఇవన్నీ పొద్దున బస్సులో ఫోన్లో చదివినవే. కానీ చెప్పేటప్పుడు గొంతు కాస్త తగ్గించి, మధ్యలో ఆగి, లోపలి విషయం తెలిసినవాడిలా చెప్పాను. అది పీజీలో నేర్పుతారు.

“అయితే విమానాలు నడవవంటారా అండి?” అన్నారు దావీదు గారు.

“నాలుగు రోజుల్నించి ఏవో కొన్ని వదులుతున్నారు, అది కంటితుడుపు. ఇవాళో రేపో పూర్తిగా మూసేస్తారు. ఆరు నెలలు మర్చిపోండి.”

“ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోయినవాళ్ళో?”

“అక్కడే ఇరుక్కుపోతారు. ఇల్లూ ఉండదు, విమానమూ ఉండదు. ఉన్నచోట కదలకుండా ఉండటమే తెలివి.”

“ఆయ్,” అన్నారాయన. నా మాట ఒప్పుకున్నారు కదా అని ఉత్సాహంగా చమురు ధరల్లోకి వెళ్ళిపోయాను.

ఉప్పలగుప్తం దాటాక సత్తిబాబు గారి రొయ్యల చెరువు దగ్గర ఆగాం. ఆయన మా నాన్నగారికి స్నేహితుడు, పదెకరాల ఆసామి. గట్టు మీద కుర్చీ వేయించి, కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చేదాకా నన్ను నోరు తెరవనివ్వలేదు. రొయ్యల మీద సుంకం పెంచిన విదేశీ అధ్యక్షుడి గురించి అడిగాను. కోపంతో ఊగిపోతారని పెన్ను సిద్ధంగా పట్టుకున్నాను.

“పనిమంతుడండి,” అన్నారు సత్తిబాబు గారు.

“అదేంటండి! మీ రొయ్య రేటు పడగొట్టింది ఆయనే కదా?”

“అదేనండి చెప్పేది. ఆయన అక్కడ పొద్దున్న సంతకం పెడితే సాయంత్రానికి నా గట్టు మీద రేటు పడిపోయింది. ఈ చెరువు కాగితం మీద మనోళ్ళ సంతకానికి పధ్నాలుగు నెలలు తిరిగేను. ఆయన్ని మనకి ఒక ఆర్నెల్లు అప్పివ్వమని రాయండి.” ఆయన నవ్వుతూనే మేత పళ్ళెం నీళ్ళలోంచి పైకి లాగి, రొయ్యలు ఎంత తిన్నాయో చూశారు. ఆ చూడటంలో మాత్రం నవ్వు లేదు. “ఎవరెవరు తిట్టుకున్నా ఇవి రెండు పూటలా తినాలండి,” అన్నారు.

ఆ సమయంలో దావీదు గారు గట్టు చివర నిలబడి ఫోన్లో ఏదో చెబుతున్నారు. నేను చూశాను, పట్టించుకోలేదు. టైము పదకొండు. ఇది గుర్తు పెట్టుకోండి.

ఉప్పలగుప్తం నుంచి వెనక్కొచ్చి, బోడసకుర్రు వంతెన మీద వైనతేయ పాయ దాటి, ఒంటిగంటన్నరకి మామిడికుదురు చేరాం. అక్కడ దావీదు గారి అక్క మార్తమ్మ గారు భోజన హోటలు నడుపుతారు. నూట యాభైకి మామిడికాయ పప్పు, రొయ్యల ఇగురు, గడ్డ పెరుగు. ఆవిడ విస్తరి వేసి, కళ్ళు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకున్నారు. అందులో ‘కరుణమ్మ ప్రయాణం’ అనే మాట వినిపించింది.

“కరుణమ్మ గారెవరండి?” అన్నాను ఇగురు కలుపుకుంటూ.

“మా మరదలండి. వీడి భార్య. కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తాది. మూడేళ్ళయ్యింది వెళ్ళి. యుద్ధం మొదలయ్యేక రెండుసార్లు టికెట్టు పోయింది. ఇవాళ దొరికింది సీటు. మన టైము మూడున్నరకి ఇంట్లోంచి బయల్దేరాలి.”

దావీదు గారు అన్నం వైపు చూస్తూ అన్నారు, “వద్దని చెప్పేసేనక్కా.”

“ఏం వద్దని?”

“రావద్దని. సీటు వదిలెయ్యమని పదకొండింటికి వాయిస్ మెసేజ్ పెట్టేను. ఈ బాబుగారు చెప్పేరు. ఎయిర్‌పోర్టులో ఇరుక్కుపోతారంట. ఆరు నెలలంట.”

పొద్దున్నుంచి ఆయన అన్న ప్రతి ‘ఆయ్’ నాకు వరసగా వినిపించింది. నేను వాటిని చప్పట్లనుకున్నాను. ఆయనేమో ఒక్కో ముక్కా మనసులో పెట్టుకుని, చదువుకున్న మనిషి కదా, పై ఊరు నుంచి వచ్చినవాడు కదా, ఎదురు అడగటం మర్యాద కాదని ఊరుకున్నారు. నాకెలా తెలుసని ఒక్కసారి అడిగి ఉంటే నా బండారం అక్కడే బయటపడేది. ఆ ఊళ్ళో అతిథిని అలా అడగరు.

మార్తమ్మ గారు అడిగారు. “మీకెవరు చెప్పేరు బాబూ?”

“ఎవరూ చెప్పలేదండి. ఊరికే అన్నాను.”

“ఊరికేనా?”

“ఆయ్,” అన్నాను.

తిడతారనుకున్నాను. ఆవిడ గరిటె పక్కన పెట్టి, తమ్ముడి ఫోను తీసుకుని చూశారు. మెసేజ్ విన్నట్టు గుర్తు పడింది, జవాబు లేదు. నాలుగుసార్లు చేస్తే ఫోను కలవలేదు. అక్కడ మనకన్నా రెండున్నర గంటలు వెనక. రెండు గంటల్లోపు ఆవిడ ఇల్లు కదలకపోతే సీటు ఇంకెవరికో పోతుంది. “మెసేజ్‌లో మీరే చెప్పండి,” అని ఫోను నా ముందు పెట్టారు.

నేను గొంతు సవరించుకున్నాను. “కరుణమ్మ గారూ, ఏం భయం లేదు, ధైర్యంగా బయల్దేరండి, విమానాలు తప్పకుండా...”

మార్తమ్మ గారు నా చెయ్యి పట్టుకున్నారు. “ఇది మాత్రం తెలుసా బాబూ మీకు?”

తెలీదు. అదంతా చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాను. “అక్కా, మీవారు పొద్దున చెప్పినవి నా మాటలు. నేను ఫోన్లో చదివి గొప్పకి చెప్పాను. విమానం ఎగురుతుందో లేదో నాకు తెలీదు. అక్కడ తెలిసినవాళ్ళని అడిగి మీకు తోచింది చెయ్యండి. తప్పు నాది.” పాతికేళ్ళ నా జీవితంలో ఇంత చిన్న ప్రసంగం ఇంతవరకూ చెయ్యలేదు.

పెట్టిన అన్నం వదలనివ్వలేదు మార్తమ్మ గారు. పెరుగు కూడా వేశారు. “అయ్యో, అలా కూచుంటే ఎలాగండి, తినండి. తెలీకే కదా అన్నారు,” అన్నారు. కొసరు ఇగురు వేస్తూ మాత్రం, “ఈసారి యుద్ధాలు మొదలెట్టే ముందు మాకో మాట చెప్పండి,” అన్నారు.

మామిడికుదురు నుంచి రాజోలు తాటిపాక మీదుగా ముప్పావుగంట. తాటిపాకలో టీ తాగుతుంటే మూడున్నర అయింది, దాటింది. ఫోను మోగలేదు. దావీదు గారు ఒక చేతిలో గ్లాసు, ఒక చేతిలో ఫోను పట్టుకుని నిలబడ్డారు. నా ముఖం చూసి పాపం ఆయనే మాట కలిపారు. “పొద్దున ఏదో అడిగేరు కదండి. యుద్ధంలో తప్పెవరిదని.”

“వదిలేయండి దావీదు గారూ.”

“అబ్బే, చెప్తానండి. ఎవరిదో నాకు తెలీదు గానీ, పెద్దోళ్ళందరూ మంచోళ్ళేనండి, మా ఆవిడ వచ్చేదాకా కాస్త ఊరుకుంటే. అక్కడోళ్ళకీ ఇలాగే ఎవరో ఒకరు రావాల్సినవాళ్ళు ఉంటారు కదండి. ఎవరు గెలిచినా నాకు బాధ లేదు. విమానం ఎగరాలి.”

నోటుబుక్కు సంచిలోనే ఉంది. తియ్యలేదు.

రాజోలు సెంటర్లో నాలుగుంబావుకి ఫోను మోగింది. దావీదు గారు ఆటో పక్కకి తీసి, రెండు మాటలు విని, కళ్ళు తుడుచుకుని ఫోను నాకిచ్చారు. “మీకేనండి.”

“ఏవండీ, మీరేనా తెలీదన్న బాబు?” కరుణమ్మ గారి గొంతు. వెనక ఎయిర్‌పోర్టులో మైకు అరుస్తోంది. “మా ఆయన మెసేజ్ విన్నాక పెట్టె సర్దటం ఆపేసేను. సీటు వద్దని చెబుదామంటే, టికెట్టు తీసిన మా మేడం పడుకుని ఉంది. నిద్ర లేపటం ఎందుకులే అని గంట కూచున్నాను. ఇంతలో మీది వచ్చింది. అప్పుడు ఆ ఇంటి డ్రైవరుని అడిగేను. పొద్దున్నే ఒకళ్ళని దింపొచ్చేడంట, ఎగురుతున్నాయన్నాడు. వచ్చేసేను.”

“క్షమించండక్కా.”

“దేనికండీ? నెల రోజుల్నించి టీవీలోనూ, ఫోన్లోనూ అందరూ అన్నీ తెలిసినవాళ్ళేనండి. తెలీదని చెప్పినోళ్ళు మీరొక్కరే. లైను కదులుతోంది, ఉంటాను.”

రాజోలు నుంచి సాయంత్రం బస్సుకి వెళ్ళిపోవాల్సిన నేను, లాడ్జిలో రెండు రోజులు గది తీసుకుని ఉండిపోయాను. ఎందుకో నాకే సరిగ్గా తెలీదు. ఈ మాట ఇప్పుడు సులువుగానే వస్తోంది. ఆ రెండు రోజులూ, ఇల్లు రాజోల్లోనే ఉన్న దావీదు గారు నన్ను ఒక్క పూట కూడా హోటల్లో తిననివ్వలేదు. ఒక మనిషి నోటి దూలకి వాళ్ళింట్లో ఎంత పని జరగబోయిందో తెలిసీ వాళ్ళు నాకు అన్నం పెట్టారు. పైగా కాలవ గట్టున నడుస్తుంటే ఎదురొచ్చినవాళ్ళకి నన్ను ‘మా కరుణ ప్రయాణంలో సాయం చేసేరు’ అని పరిచయం చేశారు. అలా చెప్పినప్పుడల్లా నేను కొబ్బరిచెట్ల పైకి చూశాను. నాకిప్పటికీ యుద్ధం మీద, ప్రభుత్వాల మీద, పెద్దమనుషుల మీద అభిప్రాయాలున్నాయి. బాంబులు వేసేవాళ్ళ మీద కోపమూ ఉంది, అది తగ్గలేదు, తగ్గకూడదు కూడా. కానీ ఏదైనా చెప్పబోయే ముందు, వింటున్న మనిషికి ఆ దేశంలో ఎవరున్నారో అడుగుతున్నాను. కోనసీమలో ఈ ప్రశ్నకి జవాబు లేని ఇల్లు నాకైతే ఇంతవరకూ తగల్లేదు.

వెళ్ళేవారికి ఒక్క సలహా. ఆటో మాట్లాడుకునేటప్పుడు రోజంతటికీ, భోజనం ఆగే చోటుతో సహా, ముందే చెప్పుకోండి. ఎక్కడ తినాలన్నది మాత్రం డ్రైవరుకే వదిలేయండి. వాళ్ళ అక్కో వదినో ఆ దారిలో తప్పకుండా ఉంటారు.

ఇక ఒప్పుకోవలసింది ఒకటుంది. ఆ మూడు ప్రశ్నలకీ పెసరట్టు పెద్దావిడ, సత్తిబాబు గారు, దావీదు గారు, ఈ ముగ్గురే సమాధానం చెప్పారు, నేనేమీ సేకరించలేదు, ఏ నాడీ పట్టుకోలేదు. మూడో రోజు పొద్దున్న ఏడింటికి హైదరాబాదు బస్సు రాజోలు వచ్చింది. కరుణమ్మ గారు దిగారు. దావీదు గారు ఆవిడ ముందు నిలబడి చేతిసంచి ఒకటి అందుకున్నారు. బస్సు డిక్కీలోంచి నీలం తాడుతో కట్టి, మార్కరుతో ఊరూ పేరూ రాసిన పెద్ద అట్టపెట్టె దించారు. దాన్ని రోడ్డు మీంచి ఆటోకి, ఆటోలోంచి వాళ్ళ అరుగు మీదకి నేనే మోశాను. అంతర్జాతీయ వ్యవహారాల్లో నేను చేసిన పని అదొక్కటే.