రెండు కుంచాల గుంజ

గుంజ నేల మీద పడుకోబెట్టి ఉంది. వడ్రంగం చేసే వడ్లాయన ఉలి చేతిలోకి తీసుకోకముందే ఆమె వెళ్లి దాని మీద కూర్చుంది. చెరో పక్క ఒక కాలు వేసి, ఎద్దు మీద కూర్చున్నట్టు కూర్చుంది. సావుకారి గీకెయ్యమంటున్న బొమ్మలు సరిగ్గా ఆమె కింద ఉన్నాయి.

"లే," అన్నాడు సావుకారి.

"లేవ."

"చూడమ్మా, పదిమంది ముందర చెబుతున్నా. నువ్వు లేచి పక్కకు జరిగితే నీ అప్పు మాఫీ. వడ్లు వద్దు, వడ్డీ వద్దు. ఆ మడి జోలికి నేను రాను. ఆ రెండు బొమ్మలు గీకించు, అంతే."

"లేవనంటి గద సావుకారీ. నీకు చెవుడా ఏంది?"

జనంలో ఎవరో నవ్వారు. సావుకారి ఆ వైపు చూడగానే నవ్వు ఆగిపోయింది. అక్కడున్నవాళ్లలో అతనికి బాకీ లేనివాళ్లు నేనూ, మా అక్క చంకలోని పసిపిల్లా తప్ప ఇంకెవరూ లేరనుకుంటాను.

అప్పటికి బస్తరు ఇంకా సంస్థానమే. ఉసూరులో పొద్దున్నే నడక మొదలుపెడితే ఆ ఊరు మధ్యాహ్నానికి వచ్చేది. ఊళ్లో సగం దొర్ల తెగ కుటుంబాలు, సగం తెలుగు రైతులు. మా అక్కను ఆ రైతుల ఇంటికే ఇచ్చారు. నేను బెజవాడలో ఒక పత్రిక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. అక్కకు కాన్పయిందని తెలిసి, అమ్మ కట్టిచ్చిన మూటలు మోసుకుని, చర్ల మీదుగా ఎడ్లబండిలో వెళ్లాను. పదిహేను రోజులు ఉండి వద్దామనుకున్నాను. చలిజ్వరం పట్టుకుని రెండు నెలలు ఉండిపోయాను.

గుంజ మీద కూర్చున్న మనిషి దొర్ల ఇంటి ఆడది. నలభై ఏళ్లుంటాయి. అంతకు ముందు ఏడాది భర్త పోయాడు. అక్కడ ఇంటి మగవాడు పోతే, ఏడాది లోపల ఊరి బయట దారి పక్కన అతని పేరున ఒక పెద్ద గుంజ పాతుతారు. నాలుగు వైపులా బొమ్మలు చెక్కిస్తారు. వేటాడినవాడికి జింకను, డోలు కొట్టినవాడికి డోలును, మందలు ఉన్నవాడికి ఎడ్లను. దానికి కట్టుబాట్లు రెండే. పోయినవాడు చెయ్యనిది చెక్కకూడదు. గుంజ ఒకసారి గుంటలో నిలబడ్డాక దానికి ఇనుము తగలకూడదు. అందుకే సావుకారి ఆ పొద్దున పరుగెత్తుకొచ్చాడు. ఏం మార్చాలన్నా నిలబెట్టక ముందే మార్చాలి.

ఆ బొమ్మ ఎలా వచ్చిందో నాకు తెలుసు. వడ్లాయన మాను చదును చేసింది మా అక్కవాళ్ల వాకిట్లోనే. నేను దుప్పటి కప్పుకుని అరుగు మీద పడుకుని చూస్తుండేవాణ్ణి.

"ఏం చెక్కమంటవు చెల్లే? నెమలి వేస్త. డోలు వేస్త," అన్నాడు వడ్లాయన.

"మా ఆయనకు డోలెక్కడిది? ఆటకు దిగితే కాలుకు కాలు తగిలి పడేటోడు."

"జింక?"

"జింక ఈయన్ను చూసి నవ్వేది."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు పగలబడి నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

"మరి ఏం చేసిండు? ఏదో ఒకటి చెయ్యాలె గద మనిషి."

"మోసిండు," అంది.

నిజమే. ఒక కరువేడు ఆ మనిషి సావుకారి దగ్గర విత్తనాల వడ్లు తెచ్చాడు. ఆ తర్వాత ప్రతి పంటకూ కావడి భుజాన వేసుకుని వడ్లు మోసుకెళ్లి సావుకారి గాదెలో పోశాడు. పోసిన ప్రతిసారీ ఇంకా కొంత మిగిలిందనే అన్నారు. అలా మోస్తూనే పోయాడు. గుట్ట కింద వాళ్లకున్న ఒక్క మడీ ఆ బాకీ కింద సావుకారి చేతికి పోయేలా ఉంది.

"కావడి వెయ్యి అన్నా. ఏడికి మోసిండో అది గూడ వెయ్యి," అంది.

వడ్లాయన మూడు రోజులు చెక్కాడు. కావడి మోస్తున్న మనిషి వచ్చాడు, భుజం కొద్దిగా వంగి. అతని ఎదురుగా సావుకారి బొమ్మ వెయ్యలేదు. తలపాగా, పెట్టె, పుస్తకం ఏవీ లేవు. రెండు కుంచాలు వేశాడు, పక్కపక్కన. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పొడుగుదాని మూతికి ఇనప పట్టీ కూడా గీశాడు.

నాకు అర్థం కాలేదు. ఊళ్లో చంటిపిల్లల నుంచి అందరికీ అర్థమైంది. విత్తనాలు ఇచ్చేటప్పుడు పొట్టి కుంచం, వడ్లు తీసుకునేటప్పుడు పొడుగు కుంచం. ఆ రెంటినీ మద్ది మాను తొలిచి చేసిచ్చింది ఈ వడ్లాయనే. తొలిచిన చెయ్యికి కొలత గుర్తుంటుంది. ఒకదానికీ ఇంకోదానికీ ఎంత తేడానో గుంజ మీద కూడా అంతే తేడాతో దిగింది. కావాలని చేశాడో, చేతి అలవాటుతో చేశాడో నేను అడగలేదు.

అంతవరకు నేను బొమ్మల్లో చూసిన అప్పు వేరు. మా అక్క ఇంట్లో పొయ్యి పొగకు మసకబారిన ఏడుకొండలవాడి పటం ఉండేది. పెళ్లి కోసం ఆయన కుబేరుడి దగ్గర అప్పు చేశాడనీ, ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడనీ తెలియని తెలుగువాళ్లుండరు. పటంలో మాత్రం ఆయనకు నిలువెల్లా నగలే. చూసినవాళ్లెవరూ ఆయన బాకీ ఉన్నాడనుకోరు. తర్వాత పత్రికల్లో పనిచేసిన ఇన్నేళ్లలో వడ్డీ వ్యాపారి కార్టూన్లు ఎన్నో నా బల్ల మీదుగా అచ్చుకు వెళ్లాయి. అన్నింటిలోనూ ఒకటే బొర్ర, అవే ఉంగరాలు, ఎదురుగా డొక్కలు తేలిన రైతు. వాటిని పంపిన ప్రతిసారీ నాకు ఆ సావుకారి గుర్తొచ్చేవాడు. ఎముకల గూడులా ఉండేవాడు. రోజంతా దగ్గేవాడు. ఒక్క పూటే తినేవాడు. నాకు జ్వరమని తెలిసి క్వినైన్ బిళ్లలు తెచ్చిచ్చి, డబ్బులిస్తే తీసుకోలేదు. అతన్ని ఉన్నదున్నట్టు వేసినా ఆ బొమ్మలో అప్పు కనిపించదు. బొర్రకూ అప్పుకూ సంబంధం లేదు. అప్పు ఎలా పెరుగుతుందో చూపించాలంటే కుంచాలే చూపించాలి.

పాత గుళ్ల దగ్గర దానశాసనాలు చూడండి. రాయి పైన సూర్యచంద్రులు, కింద రాజుగారు ఎంత భూమి ఇచ్చారో. నేను చూసినంతలో, జనం దగ్గర ఎంత తీసుకున్నారో చెక్కించిన రాయి ఒక్కటీ లేదు. అది తాటాకుల మీద రాసుకుని ఉంటారు.

గుంజ పాతే ముందురోజు సావుకారి మా అక్క ఇంటికి వచ్చాడు. "చదువుకున్నవాడివి, నువ్వన్నా చెప్పు బాబూ. నేను పొయ్యాక కూడా ఆ బొమ్మ అక్కడే ఉంటుంది. దారిన పోయేవాళ్లందరూ చూస్తారు," అన్నాడు. అతని గొంతులో కోపం లేదు, భయం ఉంది. బొమ్మ చెరిపితే అప్పు మాఫీ చేస్తానన్న మాట మొదట నాతోనే అన్నాడు. నాకది మంచి బేరమే అనిపించింది. ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె చాటలో ఇప్పపువ్వు ఏరుతోంది. ఆమె మరిది గడపలో కూర్చుని ఉన్నాడు.

"అక్కా, బొమ్మ పోతే పోయింది. మడి దక్కుతుంది కదా," అన్నాను.

"గట్ల చెప్పు అన్నా," అన్నాడు మరిది. "బొమ్మ తింటదా, పెడతదా? ఆ మడి నాది గూడ."

"మీ అన్న మోసిండు, నువ్వు తిన్నవు. నువ్వు మాట్లాడకు," అని ఆమె నా వైపు తిరిగింది. "నువ్వేం పని చేస్తవు తమ్మీ?"

"పత్రికలో తప్పులు దిద్దుతాను."

"తప్పైతే దిద్దుతవు. సరిగ్గున్నదాన్ని గూడ దిద్దుతవా?"

ఆమె ఇప్పపువ్వు ఏరుతూనే చెప్పింది. "నా ఒక్కదాని బాకీ పోతది. కుంచం పోతదా? రేపు వానలు పడినంక ఇంకొకడు విత్తనాలకు పోతె ఆ పొట్టిదానితోనే ఇస్తడు. గీకమంటున్నడంటె అది నిజమని ఆయనే ఒప్పుకున్నట్టు. ఒప్పుకున్నదాన్ని నేనెందుకు చెరుపుత?"

నేను తిరిగి వచ్చేశాను.

మర్నాడు ఆమె గుంజ మీద నుంచి లేవలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఎవరో ఆకుదొప్పలో జావ తెచ్చిస్తే అక్కడే కూర్చుని తాగింది. సావుకారి గొడుగు కింద నిలబడి ఒకసారి బతిమాలాడు, ఒకసారి బెదిరించాడు. చివరికి వడ్లాయన మీద పడ్డాడు.

"ఒక కుంచం ఉండనీ. రెండెందుకు? రెండోది గీకెయ్, నీ కూలీ రెండింతలు చేస్తా."

"రెండుంటే ఏమాయె సావుకారీ? కుంచాలు ఊరంతట ఉన్నయి," అన్నాడు వడ్లాయన. "నీకేమన్న పోలిక కనపడ్డదా?"

వడ్లాయన ఉలిని సంచిలో వేసి, సంచి మూతి తాడుతో కట్టేశాడు.

ఊరి పెద్ద లేచి, గుంట తవ్వి చాలాసేపయింది, ఇక ఎత్తండి అన్నాడు. ఎనిమిదిమంది మగవాళ్లు తాళ్లు వేశారు. వాళ్లలో మరిది లేడు. తాళ్లు బిగిసి గుంజ పైకొన కదిలాకే ఆమె లేచింది. లేచి కూడా చెయ్యి తియ్యలేదు. మొదలు గుంటలో దిగేదాకా ఆ కుంచాల మీద అరచెయ్యి ఆనించి పక్కనే నడిచింది. మట్టీ రాళ్లూ పోసి తొక్కారు. అంతా అయ్యేదాకా సావుకారి నిలబడే ఉన్నాడు. భోజనానికి పిలిస్తే రానని, దగ్గుకుంటూ వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా అతను బస్తరులోనే ఉన్న బీజాపూర్ తహసీలులో ఆ మడి కోసం అర్జీ పెట్టాడు. ఆమె తరఫున జవాబు నేనే తెలుగులో రాశాను. ఉసూరులో ఒకాయన దాన్ని హిందీ చేసి ఇచ్చాడు. ఆమె చెప్పమన్నది ఒక్కటే మాట: రెండు కుంచాలూ కచేరీకి తెప్పించండి.

తర్వాత నేను బెజవాడ వచ్చేశాను. మిగిలింది అక్క ఉత్తరాల వల్ల తెలిసింది. ఆమె ప్రతి పేషీకీ, అంటే విచారణ ఉన్న ప్రతిసారీ, మూటలో బియ్యం కట్టుకుని బీజాపూర్ నడిచి వెళ్లింది. మొదటి పేషీకి సావుకారి పొడుగు కుంచం ఒక్కటే తెచ్చాడు. "చిన్నది ఏది?" అని ఆమె అడిగిందట. పగిలిపోయిందన్నాడట. అయితే మా ఊరొచ్చి చూడండి, అక్కడ పగలనిది ఉంది అందట. తహసీల్దారుకు అది వింతగా తోచి ఒక గుమాస్తాను పంపాడు. ఆ గుమాస్తా తాడు పట్టి గుంజ మీది రెండు బొమ్మలూ కొలిచి, కాగితం మీద రాసుకుని పోయాడు. ఇనుము తగలకూడదు కనుక తాడు ముడులు కూడా చేత్తోనే విప్పించారని అక్క రాసింది. ఆ తర్వాత ఊళ్లో కొందరు విత్తనాలకు వెళ్లినప్పుడు తమ కుంచం తామే తీసుకెళ్లడం మొదలుపెట్టారు. సావుకారి కొందరికి ఇచ్చాడు, కొందరిని తిప్పి పంపాడు.

కొలతలు అందాక తీర్పు చెబుతామని పేషీ వాయిదా వేశారు. ఆ వాయిదా రోజు రాకముందే సంస్థానం దేశంలో కలిసింది. తహసీల్దారు మారాడు. కాగితాలు జగదల్‌పూర్ వెళ్లాయన్నారు. ఆమె ఇంకో రెండుసార్లు బీజాపూర్ వెళ్లి, కేసు ఎప్పుడు పిలుస్తారని అడిగి వచ్చింది. సావుకారి పోయాడు. కొన్నాళ్లకు ఆమె కూడా పోయింది. బాకీ వడ్లు ఆమె మళ్లీ మోయలేదు, మడి కూడా వదల్లేదు.

ఇప్పుడు ఆ మడిని మరిది మనవలు దున్నుతున్నారు. పట్వారీ పుస్తకంలో దాని ఎదురుగా తగాదాలో ఉందన్న మాట ఇంకా అలాగే ఉంది. దాని మూలంగా వాళ్లకు బ్యాంకులో విత్తనాల లోను పుట్టదు. ఆ మాట కొట్టెయ్యాలంటే పాత కేసు తీర్పు నకలు తెమ్మంటారు. ఆ కేసులో తీర్పు రాలేదు.