పాలిచ్చినవారి పేరు

దయ్యాల మాటెత్తితే నవ్వే మనిషిని నేను. మా చర్చిలో ఎవరైనా కలల గురించి సాక్ష్యం చెప్పడానికి లేస్తే, చేతిసంచిలో ఏదో వెతుక్కుంటూ కూర్చునేదాన్ని. పన్నెండేళ్ళు నర్సుగా చేసినా అలాంటిదేదీ నా కంటపడలేదు, ఇదొక్కటి తప్ప.

అప్పుడు సౌదీలో, తబూక్ అనే ఊళ్ళో ఒక ఆసుపత్రిలో, పసిపిల్లల వార్డులో ఉండేదాన్ని. సౌదీవాళ్ళకు సరిపడా ఉద్యోగాలివ్వలేదని మావారి కంపెనీ నితాఖాత్ లెక్కలో ఎరుపు జాబితాలోకి పడి, అక్కడ ఉండడానికిచ్చే ఇకామాలు ఆగిపోయాయి. పైగా వెంట ఉన్న కుటుంబాల మీద పన్ను. మావారు మూడు నెలల మా పాపను ఎత్తుకుని పాలకొల్లు వెళ్ళిపోయారు. ఆసుపత్రి ఉద్యోగం వదల్లేక నేను మిగిలాను. మొదటి వారం వార్డులో ఏ బిడ్డ ఏడ్చినా నా యూనిఫాం తడిసిపోయేది. తరవాత పాలు ఇంకిపోయాయి. ఇద్దరికి వండే అలవాటు మాత్రం పోలేదు. మిగిలింది పారేసేటప్పుడు ఏడుపొచ్చేది.

ఐదు నెలలకి పోలీసులు ఒక పసి ఆడపిల్లను తెచ్చారు. మసీదు గుమ్మంలో దొరికిందట. అలాంటి పిల్లలను శిశుసంక్షేమ కార్యాలయం పెంచుకునే కుటుంబాలకు అప్పగిస్తుంది. కాగితాలు అయ్యేదాకా మా దగ్గరే.

ఆ బిడ్డ సీసా పట్టేది కాదు. నాలుగు గుక్కలు తాగి మొహం తిప్పుకునేది. అయినా రోజూ పొద్దున తూకం వేస్తే బరువు పెరుగుతోంది. త్రాసు పాడైందనుకుని మార్చాం. పెరుగుతూనే ఉంది.

డైపరు మార్చేటప్పుడు నాకు అనుమానం వచ్చింది. డబ్బాపాల పిల్లల విరేచనం గట్టిగా, ఘాటుగా ఉంటుంది. ఈ బిడ్డది పల్చగా, పచ్చగా, తల్లిపాలు తాగే పిల్లలకు అయినట్టు అవుతోంది. పెదవి మూల పాలు ఆరిన మరక ఉంటే వాసన చూశాను. డబ్బాపాలు కావు.

తలుపు దగ్గర కెమెరా ఉంది. సూపర్‌వైజరు వారం రికార్డంతా కూర్చుని చూసింది. మేం నలుగురు నర్సులం తప్ప ఎవరూ లోపలికి వెళ్ళలేదు. మాలో పాలున్నవాళ్ళు లేరు. సిగ్గు విడిచి చెబుతున్నాను, బాత్‌రూంలోకి వెళ్ళి నన్ను నేను పిండి చూసుకున్నాను. చుక్క లేదు.

సంక్షేమ కార్యాలయం నుంచి హెస్సా అనే అధికారిణి వచ్చి, చార్టులో తల్లిపాల అనుమానం రాసి ఉండటం చూసి మొహం మాడ్చుకుంది. అక్కడి పద్ధతిలో పాలిచ్చినామె బిడ్డకు తల్లి అవుతుంది. ఆమె కొడుకులు అన్నదమ్ములవుతారు, వాళ్ళతో పెళ్ళి కుదరదు. అందుకని ఎవరిచ్చారో ఫైల్లో రాసి తీరాలి. ఎవరో భార్యాభర్తలు బిడ్డను తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నారు గానీ, పేరు తెలియకపోతే వెనక్కి తగ్గుతారట. అప్పుడిక బిడ్డ అనాథల హోంకి పోవాల్సిందే.

మమ్మల్ని వరసగా అడుగుతూ నా దగ్గరికొచ్చింది. "సిస్టర్, నీకు పసిబిడ్డ ఉందట కదా. చెప్పు, ఇదేం పాపం కాదు. రాసుకోవాలంతే."

"నేనే ఇచ్చాను" అన్నాను.

బిడ్డ హోంకి పోకూడదనే అలా అన్నాను. ఇంకో సంగతి కూడా దాచను. ఆ ఊళ్ళో నన్ను నా బిడ్డ తల్లిగా చూసేవాళ్ళు ఒక్కరు లేరు. ఆ మాట అంటుంటే నాకు హాయిగా ఉంది.

"కొడుకులున్నారా?"

"లేరు మేడమ్. ఒక్కతే కూతురు."

ఆమె ఊపిరి పీల్చుకుని రాసుకుంది.

అనుమతి లేకుండా పాలిచ్చానని ఆసుపత్రివాళ్ళు నన్ను ఉద్యోగంలోంచి తీసేసి, దేశం వదిలి పొమ్మని ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు. ఫోనులో మావారు, "పిచ్చి గానీ పట్టిందా? నీకు పాలెక్కడివే?" అన్నారు. "లేవండీ" అన్నాను.

బిడ్డను తీసుకెళ్ళిన రోజు, ఆ పెంపుడుతల్లి నా దగ్గరికొచ్చి నా తల మీద ముద్దు పెట్టింది. అక్కడ తల్లులకు చేసే మర్యాద అది. నేను తలొంచుకుని నిలబడ్డాను.

ఇప్పుడు పాలకొల్లులోనే ఉంటున్నాను. తెలిసిన డాక్టర్లందరినీ అడిగాను. ఒకరు త్రాసు అన్నారు, ఒకరు నా దిగులు అన్నారు. దిగులుతో బిడ్డ బరువు పెరగదు కదా. ఆ ఫైల్లో పాలిచ్చిన తల్లిగా నా పేరుంది. ఆ పాలు ఎవరివో నాకు ఇప్పటికీ తెలియదు.