మేరమ్మ అడిగిన నెంబరు

ధన్‌సింగ్ నోట్లోంచి మాట రాబట్టడం దేవుడి తరం కూడా కాదు. భద్రాచలంలో వెంకటప్పయ్య గారి బంగారం కొట్టుకు అతను వాచ్‌మన్, నేను గుమస్తాని. తొంభై ఒకటిలో పక్క బజారులో దొంగలు పడ్డాక మా యజమాని హైదరాబాదు నుంచి అలారం పెట్టె తెప్పించారు. తలుపు తీయగానే నాలుగంకెలు నొక్కాలి, లేదంటే ఊరంతా లేచేలా మోగుతుంది. ఆ అంకెలు ఆయనకూ, పొద్దున్నే కొట్టు తెరిచే ధన్‌సింగ్‌కూ తప్ప మూడో మనిషికి తెలియవు.

"పెళ్ళానికి కూడా చెప్పకు" అన్నారు యజమాని. అందరూ మాటవరసకు అనేదే. ఈ మహానుభావుడు మాత్రం దాన్ని ఒట్టు కింద పట్టుకున్నాడు.

ఆ వానాకాలం అతనికి మలేరియా వచ్చింది. దుమ్ముగూడెం దారిలోని తండాలో, ఒళ్ళు కాలిపోతూ మంచంలో పడి, "మూడు... ఒకటి... ఏడు... రెండు" అని కలవరించాడు. ఇంట్లో లంబాడీ తప్ప మాట్లాడని మనిషి తెలుగులో, అదీ అవే అంకెలు పదేపదే పలుకుతుంటే భార్య హేమ్లి హడలిపోయింది. తండా పెద్ద చందూలాల్ వచ్చి అతని నోటి దగ్గర చెవి పెట్టి విన్నాడు.

"మేరమ్మ తల్లి అడుగుతాంది బిడ్డా. ఇయ్యకుంటే నీ మొగుడు దక్కడు" అన్నాడు.

మూడు కోళ్ళు, ఒక మేక, ఏడు కొబ్బరికాయలు, రెండు సీసాల సారా. హేమ్లి కాళ్ళ వెండి కడియాలు అమ్మి తండా దేవత మేరమ్మకు మొక్కు తీర్చింది. దవాఖానా సూదిమందు కూడా పడిందనుకోండి. మొత్తానికి మనిషి లేచి కూర్చున్నాడు.

సంగతి విని తల బాదుకున్నాడు. "అయ్యో, అది కొట్టు నెంబరే! తండా అంత తెలిసిపాయె!"

"నెంబరైతే ఏంది? నీ నోట పలికిచ్చింది తల్లే" అంది హేమ్లి.

తండాలో ఒక్కడికీ మా అలారం గొడవ తెలియదు. నోరు మూసుకుంటే సరిపోయేది కదా! వింటేనా? నేరుగా వచ్చి, "సారూ, నెంబరు బయటవడ్డది, మార్చుండ్రి" అని చెప్పేశాడు. యజమాని మార్చారు. కొత్తది అతనికి చెప్పలేదు, కొట్టు తనే తెరవడం మొదలుపెట్టారు. ధన్‌సింగ్ గుమ్మం పక్క స్టూలు మీద తల వంచుకుని కూర్చునేవాడు.

మరుసటి వానలకు జ్వరం తిరగబెట్టింది. ఈసారి మెదడుకెక్కింది, నోట మాట లేదు. హేమ్లి వానలో తడుస్తూ కొట్టుకు వచ్చి యజమానిని పట్టుకుంది.

"కొత్త నెంబరు చెప్పు సారూ. ఈయన నోరు తెరుస్తలేడు. తల్లి ఏమడుగుతాందో నాకెట్ల తెలుస్తది?"

"పిచ్చిదానా, ముందు దవాఖానాకు తీసుకుపో. ఇదిగో, జీపు కిరాయి ఉంచు."

"పైసలద్దు సారూ. నెంబరు చెప్పు, నీ కాల్మొక్త."

"అది చెప్పేది కాదమ్మా" అని ఆయన లోపలికి వెళ్ళిపోయారు.

నోటికొచ్చిన నాలుగంకెలు చెబితే ఆయన సొమ్మేం పోయేది? గడ్డకట్టిన బుర్ర! ఆమె డబ్బు ముట్టుకోకుండా వెళ్ళిపోయింది.

ధన్‌సింగ్ పోయాడు. పరామర్శకు వెళ్తే హేమ్లి గుడిసె ముందు కూర్చుని ఉంది. మెడలో, చేతులకు ఏమీ మిగల్లేదు.

"పాత నెంబరే మళ్ళ ఇచ్చిన అన్నా. కోళ్ళు, మేక, అన్నీ. తల్లి తీస్కోలే" అంది. "మీ సారు ఆ ఒక్క మాట చెప్తే నా మనిషి బతికేటోడు."