పోదనూరు దాటిన నిద్ర

టికెట్ మిషన్ "పీప్"మంది. గాంధీపురం నుంచి బయల్దేరిన బస్సులో, అంత గోలలోనూ ఆ ఒక్క కూతకే నా గుండె ఝల్లుమంది. చప్పున కూతురి వైపు చూశాను. కాలేజీకి పోయే పిల్ల, నా భుజం మీద తల వాల్చి, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. కన్ను కూడా కదలలేదు. నర్సు రోజ్‌లిన్ సిస్టర్ ఇక్కడ ఉంటే చూసి ఎంత మురిసిపోయేదో!

పాపకు ఆరేళ్లప్పుడు న్యుమోనియా ముదిరి పిల్లల ఐసీయూలో చేర్చాం. ప్రాణం గట్టెక్కింది గానీ నిద్ర పట్టదు. మానిటర్ కూసినప్పుడల్లా ఉలిక్కిపడేది. నిద్ర లేకపోతే పిల్ల కోలుకోదని డాక్టరు అంటుంటే నా పై ప్రాణాలు పైనే పోయేవి. నేనేమో పక్కన కూర్చుని "తూంగు కన్ను, తూంగు", నిద్రపో తల్లీ అని అరవంలో జోకొట్టేదాన్ని. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం, అదే మావాళ్ల మర్యాద. నలుగురిలో తెలుగు మాట్లాడితే నవ్వుతారేమోనని భయం.

ఒక మధ్యాహ్నం పాప "అవ్వ యాడుండాది?" అని గొణిగింది. సెలైన్ మారుస్తున్న రోజ్‌లిన్ సిస్టర్ గిరుక్కున తిరిగింది.

"మీరు మనోళ్లా! బిడ్డతో అరవం ఏటికి మాట్లాడతా ఉండావు?"

"అందరూ ఉండారు గదా సిస్టర్..."

"ఉండనీ. చోటు కొత్త, కూతలు కొత్త. అమ్మ మాట గూడా కొత్తదైతే బిడ్డ ఎట్ల పండుకుంటాది?"

ఆమెదీ మా పోదనూరే, రైల్వే కాలనీ. కర్టెన్ లాగి, లైటు తగ్గించి, ఆగగలిగిన పనులన్నీ తర్వాతకు నెట్టింది. సిగ్గు చంపుకుని మా అత్త పాడే తెలుగు జోల అందుకున్నాను. పాప నా వేలు పట్టుకుని నిద్రపోయింది.

ఇంటికొచ్చాక కథ మళ్లీ మొదటికే వచ్చింది. ఎవరి ఫోన్ కూసినా ఏడుపే, కన్ను మూయాలంటే భయమే. ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చిన సిస్టర్ తన ఫోన్ పాప చేతిలో పెట్టింది.

"అలారం కూయించు, కన్నా. ఇప్పుడు ఆపు. చూసినావా, అది నీ మాట వింటాది!"

పాప పకపకా నవ్వింది. ఆ తర్వాత కొన్నాళ్లు ఇల్లంతా అలారం మోతే. మా ఆయన చెవుల్లో దూది పెట్టుకు తిరిగాడు. మోత మొహం మొత్తేసరికి నిద్ర తిరిగొచ్చింది.

"పోదనూర్! ఎరంగుంగ!" కండక్టర్ అరిచాడు. దిగాల్సింది ఇక్కడే. పాపను తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఈ నిద్ర కోసం నేను మొక్కని దేవుడు లేడు. నా చేత్తో నేనే చెడగొట్టనా? బస్సంతా వినేలా, తెలుగులోనే చెప్పాను:

"పోనీ అన్నా! బిడ్డ నిద్రపోతా ఉండాది. తర్వాత స్టాపులో దిగుతాం."